ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్‌తో బస్తీలో నిజంగా ఏం చేయొచ్చు? ఒక పాత పీఓ జవాబు

అడిగిన ప్రశ్న: "మాస్టారూ, విశాఖలో ఓ డిగ్రీ కాలేజీలో లెక్చరర్ని. ఈ ఏడాది నన్ను ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్‌గా, అంటే పీఓగా వేశారు. వంద మంది వాలంటీర్లు ఉన్నారు. దగ్గర్లోని మత్స్యకారుల బస్తీని దత్తత తీసుకోమంటున్నారు. ఏటా చేసే ర్యాలీలు, మొక్కలు నాటడాలు కాకుండా, అక్కడి వాళ్ల పేదరికం కాస్తయినా తగ్గే పని చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?"

మేడమ్, నేను ఇదే ఊళ్లో కామర్స్ చెప్పి రిటైరయ్యాను. నాలుగేళ్లు పీఓగా చేశాను. మామూలుగా మూడేళ్లే, ఇంకో ఏడాది పొడిగించారు. అందులో మొదటి ఏడాది మొత్తం వృథా. ముందు ఆ కథ చెప్తాను, మీకు ఆ ఏడాదైనా మిగులుతుంది.

ఏడు రోజుల స్పెషల్ క్యాంపు పెట్టాం. సముద్రం ఒడ్డున ఓ జాలరిపేట. గోడలకి సున్నం వేశాం, స్వచ్ఛత మీద నినాదాలు రాశాం, మొక్కలు నాటాం. ఒకరోజు కంటి పరీక్షలు, ఒకరోజు ర్యాలీ. రోజూ బ్యానర్ పట్టుకుని ఫొటో. పేపర్లో జిల్లా పేజీలో వచ్చింది కూడా. మేం వచ్చేశాక మొక్కల్లో సగం మేకలు తినేశాయి, మిగతా సగం ఉప్పుగాలికి మాడిపోయాయి. మరుసటి ఏడాది సర్వే ఫారాలు పట్టుకుని మళ్లీ అదే వీధికి వెళ్లాం. నలభై రెండు ప్రశ్నలు. ఓ ఇంటి ముందు ఒకావిడ చేపల గంప కడుక్కుంటోంది. మా వాలంటీరు అమ్మాయి ఫారం తీయగానే, తల ఎత్తకుండానే అడిగింది.

"ఏటి పాపా, మళ్లీ రాసుకోడానికొచ్చారేటి? పోయినేడూ ఇలాగే రాసుకుని ఎల్లిపోనారు. ఆ రాసిందంతా ఏటైపోనాది?"

ఆ అమ్మాయి నా వంక చూసింది. నేను ఏం చెప్పను? ఆ రాసిందంతా మా డిపార్ట్‌మెంటు బీరువాలో ఉంది, కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్లొస్తే చూపించడానికి.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. కామర్స్ వాణ్ని కదా, నాకు లెక్క వేస్తే గానీ నిద్ర పట్టదు. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరు ఏడాదికి 120 గంటలు, రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. ఆ 120లో ఓరియెంటేషన్‌కి 20, క్యాంపస్ పనికి 30 పోతే, బయట సమాజంలో చేయడానికి మిగిలేవి 70. వంద మందికి 7,000 గంటలు. వారానికి నలభై గంటల చొప్పున ఏడాదంతా పనిచేసే మనిషి ఇచ్చేది దాదాపు 2,000 గంటలు. అంటే మీ యూనిట్ చేతిలో ఉన్నది జీతం లేని ముగ్గురున్నర పూర్తికాలం మనుషులు! ఏ స్వచ్ఛంద సంస్థకైనా ఇది పెద్ద బలగమే. కానీ మనం ఆ గంటల్ని వంద ముక్కలు చేసి, ఆగస్టు 15కి కొన్ని, సెప్టెంబర్ 24 ఎన్‌ఎస్‌ఎస్ డేకి కొన్ని, ర్యాలీకి కొన్ని చల్లేస్తాం.

ఇక్కడ అమెరికా సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ విస్టా అని, పేదరికం తగ్గించే పనికి వాలంటీర్లని పంపే ప్రభుత్వ పథకం ఉంది. 1964లో లిండన్ జాన్సన్ ప్రభుత్వం పేదరికం మీద యుద్ధం అంటూ తెచ్చిన చట్టంతో పుట్టింది. 1965 నుంచి వాలంటీర్లు ఊళ్లలోకి దిగారు, 1993 తర్వాత అమెరికోర్ అనే జాతీయ సేవా కార్యక్రమంలో కలిసింది. 1985లో బ్రౌన్, జార్జ్‌టౌన్, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీల అధ్యక్షులు మొదలుపెట్టిన క్యాంపస్ కాంపాక్ట్ అనే కాలేజీల కూటమి ద్వారా విస్టా వాళ్లు కాలేజీల్లో కూర్చుని, కాలేజీకీ పక్క పేటలకీ మధ్య సంబంధాలు కట్టే పని చేశారు. ఏడాది పాటు పూర్తికాలం, భత్యం మాత్రం పేదరికపు గీత చుట్టుపక్కలే. వాళ్ల రూల్ ఒకటి నాకు బాగా పట్టింది. విస్టా వాలంటీరు స్వయంగా అన్నం వడ్డించడు, ట్యూషన్ చెప్పడు. వడ్డించే వాళ్లకి, చెప్పే వాళ్లకి తను వెళ్లిపోయాక కూడా పని నడిచే ఏర్పాటు చేసి పెడతాడు.

మనది అలా పుట్టలేదు. ఎన్‌ఎస్‌ఎస్ గాంధీ శతజయంతి ఏడాది 1969లో 37 యూనివర్సిటీల్లో, దాదాపు 40,000 మందితో మొదలైంది. విద్యార్థి వ్యక్తిత్వం పెరగాలన్నది దాని మొదటి ఉద్దేశం, అది తప్పేం కాదు. మొదలుపెట్టిన విద్యామంత్రి వీకేఆర్‌వీ రావు మన దేశంలో జాతీయాదాయం లెక్కలు కట్టిన ఆర్థికవేత్త అని తెలిశాక మాత్రం నాకు కాస్త ధైర్యం వచ్చింది, లెక్కలవాడి పథకమే కదా అని. బ్యాడ్జి మీద కోణార్క చక్రానికున్న ఎనిమిది ఆకులు ఎనిమిది జాములకి గుర్తట. మేమేమో ఆ బస్తీకి సరిగ్గా ఎవరూ దొరకని జాములోనే వెళ్లేవాళ్లం.

నిజంగానే. పొద్దున్న పది గంటలకి కాలేజీ బస్సులో దిగేవాళ్లం. మగవాళ్లు సముద్రం మీద నుంచి వచ్చి నిద్రలో ఉంటారు. ఆడవాళ్లు తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్లో వేలం పాటకి వెళ్లి, సరుకు ఎత్తుకుని, ఆటోల్లో కాలనీలకి అమ్మకానికి పోయుంటారు. ఇంట్లో ఉండేది ముసలివాళ్లు, పిల్లలు. మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్లమని నాకు చెప్పింది మా యూనిట్‌లోనే ఉన్న ఓ అమ్మాయి. ఆమెది ఆ పేటే. క్లాసులో ఎవరికీ ఆ సంగతి తెలియదు, తెలియడం ఆమెకి ఇష్టం లేదు. స్టాఫ్ రూమ్ బయట నిలబడి నెమ్మదిగా చెప్పింది. "సార్, నన్ను మాత్రం ఆ బ్యాచ్‌లో వెయ్యకండి." లైబ్రరీ పని ఇచ్చాను. యూనిట్‌లో ఉన్నన్నాళ్లూ ఆమె ఒక్కసారి కూడా మాతో ఆ వీధికి రాలేదు, నేనూ అడగలేదు. మీ వంద మందిలో కూడా అలాంటి వాళ్లు తప్పకుండా ఉంటారు. 'మీ బస్తీ వాళ్లెవరు, చేతులెత్తండి' అని దయచేసి అడగకండి.

సరే, ఎవరితో పొత్తు పెట్టుకోవాలి? చాలామంది పీఓలు కార్పొరేటర్ దగ్గరికి పోతారు. మర్యాదకి ఒకసారి కలవండి, తప్పులేదు. పని మాత్రం పొదుపు సంఘాల ఆడవాళ్లతో పెట్టుకోండి. ప్రతి బస్తీలో గ్రూపులుంటాయి, గ్రూపులన్నీ కలిపి స్లమ్ లెవెల్ ఫెడరేషన్ ఉంటుంది, వాటి మధ్య తిరిగే ఆర్పీ, అంటే రిసోర్స్ పర్సన్ ఉంటుంది. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద పనిచేసే ఈ ఆర్పీకి తెలియని ఇల్లు ఉండదు. ఎవరి పెన్షన్ ఆగిపోయిందో, ఎవరింట్లో అప్పు పీకల దాకా వచ్చిందో, మీ నలభై రెండు ప్రశ్నలకి ఆమె టీ తాగుతూ సమాధానం చెప్పేస్తుంది.

మేం ఆర్పీనీ, నలుగురు గ్రూపు లీడర్లనీ కూర్చోబెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడిగాం. "మా పిల్లలు మీకు వారానికి రెండు గంటలు ఇస్తారు. దేనికి వాడుకుంటారు?" ట్యూషన్లు అంటారనుకున్నాను. "కాగితాలు" అన్నారు. అందరూ ఒకేసారి.

అలా కాగితాల బల్ల మొదలైంది. ప్రతి గురువారం సాయంత్రం మూడున్నర నుంచి ఐదున్నర, రామాలయం అరుగు మీద ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక పెద్ద రిజిస్టరు. బ్యానర్ లేదు. మొదటి వారం ముగ్గురొచ్చారు, అందులో ఒకాయన కుర్చీ బావుందని కూర్చున్నాడు అంతే. నెల దాటాక లైను.

ఒక కేసు దగ్గర్నుంచి చెప్తాను, ఈ పని ఎలా ఉంటుందో అర్థమవుతుంది. గంప కడుక్కుంటూ మమ్మల్ని కడిగేసిన ఆవిడే వచ్చింది. వీధి వ్యాపారుల లోను కావాలి, పీఎం స్వనిధి. 2020 జూన్‌లో మొదలైన పథకం. అప్పట్లో మొదటి విడత రూ.10,000, 2025లో దాన్ని రూ.15,000 చేశారు. సక్రమంగా కడితే ఏడు శాతం వడ్డీ రాయితీ. దరఖాస్తుకి ఓటీపీ వస్తుంది. ఆవిడ ఆధార్‌కి లింకయిన నంబరు పెద్దకొడుకు ఎప్పుడో పారేసిన సిమ్ముది. నంబరు మార్చుకోవాలంటే మిషన్ మీద వేలు పెట్టాలి. వేలు పెడితే పడదు. మళ్లీ తుడిచి పెట్టింది, పడలేదు. ఇరవై ఏళ్లుగా ఐసులో, ఉప్పునీళ్లలో చేపలు తోమిన చెయ్యి, గీతలే అరిగిపోయాయి. మా కుర్రాడు ఆ వేళ్లు చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి కంటిపాపతో సరిచేయించి, నంబరు మార్పించి, వ్యాపార గుర్తింపు కాగితం కోసం వార్డు సచివాలయానికి రెండుసార్లు, బ్యాంకుకి మూడుసార్లు మా పిల్లలే మారి మారి తిరిగారు. మొత్తం ఏడు వారాలు. ఫొటోలో పడేది ఏమీ లేదు. రిజిస్టరులో మాత్రం ఆవిడ పేరు ఎదుట ఏడు తేదీలు, ఏడు రకాల చేతిరాతలు. ఒక కుర్రాడికి పరీక్షలొస్తే ఇంకో అమ్మాయి అదే గీత దగ్గర్నుంచి అందుకుంది. మా పని మొత్తం ఆ రిజిస్టరే.

(మొబైల్ నంబరు మార్చడం ఇప్పుడు కాస్త సులువు. 2021 నుంచి పోస్ట్‌మన్ ఇంటికే వచ్చి చేసి పెడుతున్నాడు. బస్తీలో చాలామందికి ఈ సంగతి తెలియదు, ముందు ఇదే చెప్పండి.)

లోను వచ్చింది. సంతోషించాం. రెండు నెలల తర్వాత తెలిసింది, ఆ డబ్బు కూతురి పురిటికి ఖర్చయిపోయిందని, ఆవిడ మళ్లీ డైలీ ఫైనాన్స్ దగ్గరికే వెళ్తోందని. తెల్లవారుజామున తొమ్మిది వందలు చేతికిస్తారు, సాయంత్రానికి వెయ్యి కట్టాలి. నెలకి ఇరవై ఐదు రోజులు వేసుకోండి, తొమ్మిది వందల పెట్టుబడికి నెల వడ్డీ రెండు వేల ఐదు వందలు. ఈ లెక్క నేను బోర్డు మీద వేస్తే మా పిల్లలు నమ్మలేదు. కొందరికి ఆవేశం వచ్చింది, ఫైనాన్స్ వాళ్ల మీద కంప్లయింట్ పెడదాం సార్ అన్నారు. నేనే ఆపాను. అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తే ఆవిడ తలుపు కొట్టేది ఆ ఫైనాన్స్ మనిషి ఇంటినే, మన కాలేజీని కాదు. ప్రత్యామ్నాయం లేకుండా ఆ తలుపు మూయించడం మన పని కాదు.

ప్రత్యామ్నాయం చివరికి ఆ ఆడవాళ్లే తీశారు. ఒక గ్రూపులో పది మంది తలా వెయ్యి వేసి పదివేలు పక్కన పెట్టారు. తెల్లవారుజామున లీడరు ఇంటి గుమ్మం దగ్గర ఎవరికి కావాలో వాళ్లకి తొమ్మిది వందలు. సాయంత్రానికి తొమ్మిది వందల పది. పేరు 'పొద్దున డబ్బు'. మా బీకాం పిల్లలు చేసిందల్లా పుస్తకం గీయడం, మూడు నెలలు వారం వారం లెక్క సరిచూడటం, లీడరు కూతురికి ఆ పని నేర్పడం. అంతే. ఒక నెల పద్నాలుగు వందలు తేడా వచ్చింది. మా కుర్రాడు ఎవరు ఎగ్గొట్టారో పట్టుకుంటానని పుస్తకం తిరగేస్తుంటే లీడరు పుస్తకం మూసేసింది. "అది మేం చూసుకుంటాం బాబూ, నువ్వు టీ తాగు." మీటింగు తలుపేసుకుని పెట్టుకున్నారు. వారానికి డబ్బు వచ్చేసింది. ఎవరు తిప్పి కట్టారో మాకు ఈరోజుకీ తెలియదు. నాలుగేళ్లలో నాకు బాగా నచ్చిన వారం అదే.

ఇప్పుడు మే నెల సంగతి. ఇది మీకు ఎవరూ చెప్పరు, జాగ్రత్తగా వినండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సాయం 2025లో రూ.20,000కి పెరిగింది. అది వేటకి వెళ్లే వాళ్లకి. చేపలమ్మే ఆడవాళ్లకి నేరుగా రాదు. బస్తీకి మనిషి తోడు ఎక్కువగా కావాల్సింది ఆ రెండు నెలల్లోనే. సరిగ్గా అప్పుడే మనకి సెమిస్టర్ పరీక్షలు, తర్వాత సెలవులు, హాస్టల్ ఖాళీ. పైగా ప్రమాద బీమా, పీఎం సురక్ష, ఏడాదికి ఇరవై రూపాయలకి రెండు లక్షలు. జీవిత బీమా, జీవన జ్యోతి అయితే రూ.436. వీటి గడువు మే 31తో అయిపోతుంది, రెన్యువల్ డబ్బు ఆ చుట్టుపక్కలే ఖాతాలోంచి కట్ అవుతుంది. వేట లేని నెలలో ఖాతాలో ఏముంటుంది? డబ్బు లేక బీమా పోతుంది. పోయినట్టు కూడా తెలియదు. సముద్రం మీదికి వెళ్లే మనుషులకి ఇరవై రూపాయలు లేక బీమా పోవడం నేను కళ్లారా చూశాను. మే రెండో వారంలో ఇద్దరు పిల్లలు వీధి వీధీ తిరిగి 'ఖాతాలో ఐదొందలు ఉంచండి' అని చెప్పినా చాలు.

మా రోజుల్లో లేని ఒక అవకాశం మీకుంది. ఇప్పుడు మన రాష్ట్రంలో డిగ్రీ మొదటి ఏడాది అయ్యాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి, దానికి క్రెడిట్లున్నాయి. అది వచ్చేది వేసవి సెలవుల్లోనే. అంటే వేట నిషేధం నెలల్లో మీకు మార్కుల కోసమైనా వచ్చే పిల్లలు దొరుకుతారు. జిరాక్స్ షాపులో రెడీమేడ్ రిపోర్టు కొనుక్కునే బదులు, ఊళ్లోనే ఇల్లున్న పిల్లల్ని ఓ పదిహేను మందిని ఎంచుకుని కాగితాల బల్ల వాళ్లకి అప్పగించండి. పరీక్షలైన ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరు రిజిస్టరు అప్పజెప్తాడు, జూన్‌లో మళ్లీ తీసుకుంటాడు.

మా వల్ల జరిగిన ఒక తప్పు కూడా చెప్పాలి. మా కుర్రాడొకడు పని తొందరలో అందరి ఆధార్ కార్డులూ ఫోన్లో ఫొటో తీసుకున్నాడు, బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మంచి ఉద్దేశమే. పది రోజులకి ఒకావిడకి బ్యాంకు నుంచి అంటూ దొంగ కాల్ వచ్చింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో దేవుడికెరుక, పేటంతా మాత్రం 'కాలేజీ పిల్లలు మా కార్డులు అమ్మేశారు' అని మాట. ఐదు గురువారాలు బల్ల ముందు ఒక్కరు లేరు. నేను వెళ్లి గ్రూపు మీటింగులో నిలబడి క్షమాపణ చెప్పాను, వాళ్ల ముందే అన్ని ఫోన్లలో ఫొటోలు తీసేయించాను. అప్పట్నుంచి మా రూల్ ఒకటే: కార్డు వాళ్ల చేతిలోంచి మన చేతిలోకి రాదు, ఓటీపీ వాళ్లే చదువుతారు, వాళ్లే కొడతారు. చదవడం రాకపోతే పక్కన వాళ్లింటి పిల్లని కూర్చోబెట్టుకుంటారు. ఆలస్యమవుతుంది. కానివ్వండి.

కాలేజీ వైపు తలనొప్పులు ఎలాగూ ఉంటాయి. ప్రిన్సిపాల్‌కి ఫొటోలు కావాలి. గొడవపడకండి, ఏడు రోజుల క్యాంపులో కావలసినన్ని తీసుకోమనండి. గురువారం బల్ల దగ్గర మాత్రం వద్దని ముందే చెప్పండి. కామర్స్ వాళ్లకి గ్రూపు పుస్తకాలు, కంప్యూటర్ సైన్స్ వాళ్లకి దరఖాస్తులు, ఎలాగూ ఇస్తారు. తెలుగు డిపార్ట్‌మెంటుని మర్చిపోతారు అందరూ. మా తెలుగు పిల్లలు కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చే అర్జీలు రాసేవాళ్లు. నాలుగు పేజీల గోడుని పది వాక్యాల్లోకి, తేదీలతో సహా తేవడం ఎంత కష్టమో వాళ్లకి ఏ క్లాసులోనూ తెలియలేదట.

అగ్రిమెంటు పేజీ కంటే ఎక్కువ వద్దు. ఏ రోజు, ఏ టైము, ఎవరు వస్తారు, రాలేకపోతే ఎవరికి ఫోన్ చేస్తారు. ఫెడరేషన్ ప్రెసిడెంటు సంతకం, ప్రిన్సిపాల్ సంతకం. మూడేళ్లకి రాయించండి, మీ తర్వాత వచ్చే పీఓ దాన్ని పక్కన పడేయడానికి కాస్తయినా మొహమాటపడతాడు. రిజిస్టరు మాత్రం కాలేజీ బీరువాలో పెట్టకండి. ఆర్పీ ఇంట్లో ఉండాలి.

మీరు ఈ వారమే వెళ్లండి. ఒక్కరే, లేదా ఇద్దరు అమ్మాయిల్ని వెంటబెట్టుకుని. వార్డు సచివాలయంలో ఆర్పీ నంబరు ఇస్తారు. మూడు దాటాక వెళ్తే వీధి కుళాయి దగ్గర గంపలు కడుగుతుంటారు. ఫారం తీయకండి. ఎవరో ఒకరు లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేస్తారు. వద్దనకండి, కూర్చోండి.